క్యాబినెట్‌లో నీటి దారి

ఇంటెల్ 1998లో సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ తెచ్చింది. 300 మెగాహెర్ట్జ్‌కు అమ్మిన ఆ చిప్పును ఔత్సాహికులు 450 దాకా పరుగెత్తించారు. ఇలా వేగం పెంచే సరదా ముదిరేకొద్దీ వేడీ పెరిగింది. అప్పట్లో నీటితో చల్లబరచాలంటే సరంజామా సొంతంగా సమకూర్చుకోవాల్సిందే. పాత కార్ల హీటర్లలోని చిన్న రేడియేటర్లు ఊడదీశారు, అక్వేరియం పంపులు తెచ్చారు, రాగి దిమ్మెకు (బ్లాకుకు) డ్రిల్లుతో దారులు తొలిచి ప్రాసెసర్ మీద బిగించారు.

నేటి బ్లాకుల్లో రాగి పలక మీద మిల్లీమీటరు కన్నా సన్నని గాడులుంటాయి. పని మాత్రం అదే. ఒక డిగ్రీ వేడెక్కడానికి నీరు అంతే పరిమాణం గాలి కన్నా సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది. అక్కడ ఫ్యాన్లు దాన్ని బయటికి తోసేస్తాయి.

బిగించేటప్పుడు ఒక్క వరస తప్పకూడదు: నిల్వ ట్యాంకులోని నీరు నేరుగా పంపులోకి దిగాలి. పంపు బేరింగుకు నీరే కందెన, పొడిగా తిరిగితే పాడైపోతుంది. మిగతా భాగాలు ఏది ముందున్నా పెద్ద తేడా రాదు. నీరు వేగంగా తిరగడంతో ఎక్కడ చూసినా దాని వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

అసలు ఓపిక కావాల్సింది నీళ్లు పోసే రోజున. ముందుగా మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే కరెంటు తీగలన్నీ పీకేస్తారు. పవర్ సప్లై 24 పిన్నుల కనెక్టర్‌కు చిన్న తీగతో జంపర్ పెట్టి పంపును మాత్రమే నడుపుతారు. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపరు పరుస్తారు. చుక్క జారినా మరక పట్టిస్తుంది. ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా పంపు ఆపి నీళ్లు పోస్తూ, క్యాబినెట్‌ను అటూ ఇటూ వాల్చి రేడియేటర్‌లో చిక్కిన గాలి బుడగలను వదిలిస్తారు. జాగ్రత్తపరులు ఒక రోజంతా అలాగే తిప్పి చూస్తారు. ఈ పరీక్షను తొందరపడి ముగించడం క్షమించరాని పొరపాటు.

నీటి సంగతీ తేలిక కాదు. బోరు నీళ్లలోని లవణాలు గాడులకు పట్టేస్తాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ మేలే గానీ, అందులోనూ నాచు పెరగకుండా, తుప్పు రాకుండా మందు కలపాలి. రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్‌ను జత చేస్తే తుప్పు అల్యూమినియాన్ని క్రమంగా తినేస్తుంది. చవకగా వస్తుందని ఆ రెండూ కలపకూడదు.

ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా నీరు గది కన్నా చల్లగా అవ్వదు. మే నెలలో విజయవాడలో గది 38 డిగ్రీలుంటే లెక్క అక్కడి నుంచే మొదలు. ఆఫీసు పనికి వాడే కంప్యూటర్‌కు మామూలు కూలర్ బోలెడు. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 లాంటి గ్రాఫిక్స్ కార్డుతో గంటల తరబడి వీడియో రెండరింగ్ చేసేవారికి మాత్రం నీటి ఏర్పాటు అక్కరకొస్తుంది: పెద్ద రేడియేటర్ మీద ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది, గదిలో రొద తగ్గుతుంది.

2009లో కోర్సేర్ హెచ్50 వచ్చాక సీలు చేసిన నీటి కూలర్ సెట్లు చాలామందికి చేరాయి. అవి సులువే, కానీ చాలా వాటిలో పంపు పోతే మొత్తం మార్చాల్సిందే. చేత్తో కట్టుకున్నదానిలో పోయిన భాగమొక్కటే మారుతుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నా సాధారణంగా దాని బ్లాకు ఒక్కటే కొత్తది కొనాలి; పంపు, ట్యాంకు, రేడియేటర్ పాతవే పనికొస్తాయి.