సఫ్‌లో చోటు, దస్తర్‌ఖాన్ మీద చోటు

ప్రతి రంజాన్‌కీ నా టేబుల్ మీదికి కొన్ని చిన్న పుస్తకాలొస్తాయి. ముప్పై, నలభై పేజీలు. అట్ట మీద నెలవంక, మీనారు. కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో. 'మీకు రెండు భాషలూ వచ్చు కదా భాయ్, పత్రికలో నాలుగు మాటలు రాయండి' అని ఇచ్చిపోతారు. ఎక్కువ భాగం ఒకే విషయం: ఫలానా దేశపు డాక్టరు, ఫలానా ప్రొఫెసరు, ఫలానా పాటగాడు ఇస్లాం ఎందుకు స్వీకరించాడు? చదువుతాను. పక్కన పెడతాను. నాలుగు మాటలు రాయలేను. ఎందుకు రాయలేకపోతున్నానో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ఈ పుస్తకాల కథ దాదాపు ఒక్కటే. ఒక తెల్లాయన ఉంటాడు. బాగా చదువుకున్నవాడు. మనసుకు శాంతి ఉండదు. ఎవరో ఖురాన్ అనువాదం చేతికిస్తారు. అందులో పిండం పెరుగుదల, సముద్రాలు, పర్వతాల గురించి ఉన్న ఆయతులు చూసి, సైన్సు ఇప్పుడు కనిపెట్టింది అప్పుడే చెప్పారే అని ఆశ్చర్యపోతాడు. కలిమా చదువుతాడు. కథ అయిపోతుంది. 1976లో మారిస్ బుకాయ్ అనే ఫ్రెంచి వైద్యుడు బైబిలు, ఖురాన్, సైన్సు గురించి పుస్తకం రాసినప్పటి నుంచీ ఈ పద్ధతికి గిరాకీ మరీ పెరిగింది.

నా అభ్యంతరం భక్తి మీద కాదు, తర్కం మీద. సైన్సు నిన్న చెప్పింది రేపు మార్చుకుంటుంది. మార్చుకోవడమే దాని గొప్పతనం. ఈమాన్‌ను తెచ్చి దాని కొక్కేనికి తగిలిస్తే, కొక్కెం ఊడిన రోజు ఈమాన్ సంగతేంటి? తొమ్మిది వందల ఏళ్ల కిందట ఇమామ్ గజాలీ ఈ దారంతా నడిచి చూశాడు. బాగ్దాద్‌లో అంతటి పెద్ద పండితుడు, సందేహాలతో నలిగి, 1095లో కొలువొదిలి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాసుకున్న ఆత్మకథలో, తనను ఒడ్డున పడేసింది పేర్చిన వాదాలు కావనీ, అల్లా తన గుండెలో వేసిన ఒక వెలుగు అనీ ఒప్పుకున్నాడు. దలీళ్లు తెలియనివాడు ఆ మాటన్నాడా? దలీళ్లన్నీ తెలిసినవాడన్నాడు. మన చిన్న పుస్తకాల రచయితలు గజాలీ పేరు గౌరవంగా తలుస్తారు గానీ ఆయన చెప్పిన ఈ ముక్క మాత్రం వదిలేస్తారు.

మరి నిజంగా మనుషులకు ఇస్లాం ఎందుకు నమ్మదగినదిగా కనపడింది? పోలికకు కరపత్రాలు పనికిరావు. నమ్మకంతో పెనుగులాడినవాళ్లు తమ చేత్తో రాసిన పుస్తకాలు చూడాలి. విచిత్రమేంటంటే, అలాంటి ఇద్దరికి మన హైదరాబాదుతో సంబంధం ఉంది.

ఒకరు మార్మడ్యూక్ పిక్తాల్. ఇంగ్లండులో చర్చి ఫాదరీ కొడుకు, పేరున్న నవలాకారుడు. 1917లో లండన్‌లో ఇస్లాం ప్రకటించుకున్నాడు. 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు, 'ఇస్లామిక్ కల్చర్' పత్రిక నడిపాడు. నిజాం ప్రభుత్వ సాయంతో పూర్తిచేసిన ఆయన ఖురాన్ ఇంగ్లీషు అనువాదం 1930లో అచ్చయింది. దాని ముందుమాట చూడండి. అనువాదకుడే ఖురాన్‌ను అనువదించడం కుదరదని మొదలుపెడతాడు. అర్థం కొంత తేవచ్చు, ఆ నాదం తేలేనంటాడు. వింటేనే కళ్లలో నీళ్లు తిరిగే ఆ శబ్దమే ఆయన్ని పట్టుకుంది. ఇందులో ఏ ప్రయోగశాలా లేదు. చెవి ఉంది, గుండె ఉంది.

రెండోవారు ముహమ్మద్ అసద్. పిక్తాల్ తర్వాత కొంతకాలం అదే 'ఇస్లామిక్ కల్చర్'కు సంపాదకత్వం వహించాడు. 1900లో ల్వోవ్ నగరంలో యూదు కుటుంబంలో పుట్టిన లియోపోల్డ్ వైస్ ఈయనే. 1954లో వచ్చిన 'ది రోడ్ టు మక్కా'లో ఒక ఘట్టం నన్ను ఇప్పటికీ వదలదు. 1926, బెర్లిన్. భార్య ఎల్సాతో భూగర్భ రైల్లో వెళుతుంటాడు. ఎదురుగా మంచి బట్టలు, ఉంగరాలు, కడుపు నిండిన మొహాలు. కానీ ఒక్క మొహంలోనూ సంతోషం లేదు. ఏదో దాచుకున్న బాధ. ఇంటికొస్తే బల్ల మీద ఖురాన్ తెరిచి ఉంది. మూసిపెట్టబోతే కనపడింది తకాసుర్ సూరా. ఇంకా ఇంకా కావాలనే యావలో సమాధి దాకా పోయే మనుషుల గురించిన సూరా. ఇప్పుడే రైల్లో చూసొచ్చిన మొహాలు! మర్నాడే బెర్లిన్ ముస్లింల పెద్దగా ఉన్న ఒక హిందుస్తానీ మిత్రుడి దగ్గరికి వెళ్లి కలిమా చదివాడు.

ఎడారి అరబ్బుకు వచ్చిన మాట యూరపు పెట్టుబడి నగరంలో రైలెక్కినవాడి జబ్బు పట్టుకుంది. అదీ ఆయన్ని కదిలించింది. ఇస్లాంలో ఏ అంశం నచ్చిందంటే చెప్పలేనని కూడా 1934 నాటి 'ఇస్లాం ఎట్ ది క్రాస్‌రోడ్స్' ముందుమాటలో ఒప్పుకున్నాడు. విడివిడి సిద్ధాంతాలు కాదు, ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ మొత్తం కట్టడం నచ్చిందన్నాడు. నమాజు, జకాత్, వ్యాపారంలో నిజాయితీ, శరీరం, ఆత్మ ఇవన్నీ వేరువేరు గదులు కాని ఇల్లు అది.

మూడో మనిషి మాల్కమ్ ఎక్స్. అలెక్స్ హేలీతో కలిసి చెప్పిన ఆత్మకథ ఆయన హత్య జరిగిన 1965లోనే వచ్చింది. మన దళిత, ముస్లిం రచయితలు చాలామంది ఈ పుస్తకం తమదనుకుని చదువుతారు. నిజమే, అందులో ఉన్నది మన బతుకే. జైల్లో తమ్ముడి ఉత్తరం వస్తుంది, పంది మాంసం తినకు అని. భోజనాల బల్ల దగ్గర పళ్లెం తనవైపు వచ్చినప్పుడు వద్దంటాడు. తోటి ఖైదీలు ఆశ్చర్యంగా చూస్తారు. ఎవరూ లెక్కచేయని నల్ల ఖైదీకి అదొక గర్వం. 'వద్దు' అనగలిగినవాడు మనిషి. తర్వాత మోకాళ్లు వంచి ప్రార్థించడం ఎంత కష్టమైందో కూడా దాచుకోకుండా చెబుతాడు. నేరం చేయడానికి తప్ప ఎప్పుడూ వంగని మోకాళ్లవి.

అయితే అప్పటికి ఆయన చేరింది 'నేషన్ ఆఫ్ ఇస్లాం'లో. తెల్లవాడంటేనే సైతాను అని నేర్పిన సంస్థ అది. 1964 మార్చిలో దాన్నొదిలి ఏప్రిల్‌లో హజ్‌కు వెళ్లాడు. నల్లకళ్లు, నీలికళ్లు, అన్ని రంగుల మనుషులతో ఒకే పళ్లెంలో తిన్నాడు, ఒకే గ్లాసులో తాగాడు, ఒకే జంఖానా మీద పడుకున్నాడు. అమెరికాలో పుట్టిన నల్లవాడికి అంతకంటే దలీల్ ఏం కావాలి? తౌహీద్ మీద వెయ్యి ఉపన్యాసాలు చేయలేని పని ఒక పళ్లెం చేసింది. దేవుడొక్కడే అయితే మనుషులంతా ఒక్కటే కావాలి గదా అన్న లెక్క ఆయనకు అక్కడ కళ్లారా కనపడింది.

మన దగ్గర ఈ పళ్లెం విలువ తెలియందెవరికి? హోటల్లో రెండు గ్లాసులు చూసినవాళ్లం. 1981 ఫిబ్రవరిలో తమిళనాడు తిరునల్వేలి జిల్లా మీనాక్షిపురంలో వందలాది దళితులు ఇస్లాం స్వీకరించారు. దేశమంతా గగ్గోలు. గల్ఫు డబ్బు అన్నారు, కుట్ర అన్నారు. ఆ ఊరి దళితులు ఏ అవమానాల నుంచి బయటపడాలనుకున్నారో అడిగినవాళ్లు తక్కువ. ప్రలోభం అనేవాళ్లు చట్టం చదవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. ఇస్లాంలోకి వచ్చిన దళితుడికి ఆ హోదా పోతుంది. రిజర్వేషన్ పోతుంది. అంటే ప్రభుత్వం వైపు నుంచి చూస్తే మతం మారడానికి కాదు, మారకుండా ఉండడానికే ప్రలోభం ఉంది. ఆ నష్టం భరించి వచ్చినవాడిని అమ్ముడుపోయాడంటే, అతనికి మనసూ ఆలోచనా లేవనడమే.

ఈ అవమానం ఆడవాళ్ల విషయంలో ఇంకో రూపమెత్తుతుంది. పిక్తాల్ మారితే ఆయన చదువులో కారణాలు వెతికారు. 1999లో మలయాళ రచయిత్రి కమలాదాస్ అరవై అయిదేళ్ల వయసులో కమలా సురయ్యా అయితే, దాని వెనక ఏ మగవాడున్నాడా అని వెతికారు. జీవితమంతా తన మనసు గురించి తప్ప రాయని మనిషికి, ఈ ఒక్క విషయంలో సొంత మనసు లేదన్నారు! 2009లో చనిపోయేదాకా ఆమె ముస్లింగానే ఉంది. తిరువనంతపురం పాళయం మసీదులో ఖననం చేశారు.

ఇంతవరకూ చదివి మావాళ్లు సంతోషించవచ్చు. ఇప్పుడు రెండో సగం.

మాల్కమ్ ఎక్స్ నిజాయితీపరుడు గనక హజ్‌లో ఇంకో సంగతీ రాశాడు. జనసమూహంలో ఎక్కడివాళ్లక్కడే, ఒకే రంగువాళ్లు ఒకచోటే కలిసి ఉండడం గమనించాడు. బలవంతం లేదు, ఎక్కువతక్కువలు లేవు, తమవాళ్లతో తాము ఉన్నారంతే అని సర్దిచెప్పుకున్నాడు. మన చిన్న పుస్తకాలు ఒకే పళ్లెం సంగతి పదే పదే అచ్చేస్తాయి. ఈ వాక్యాలు మాత్రం ఎక్కడా కనపడవు.

మన దేశంలో అలా సర్దిచెప్పుకునే వీలు కూడా లేదు. అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే విభజన 1901 బెంగాల్ జనాభా లెక్కల నివేదికలోనే ఉంది. అంబేద్కర్ దాన్ని తన పాకిస్తాన్ పుస్తకంలో ఎత్తిచూపించాడు. మన దగ్గర 2007లో వచ్చిన బి.సి.–ఇ జాబితా తెరవండి. ధోబీ ముస్లింలు, హజ్జాంలు, ఫకీర్లు, అత్తర్ సాయిబులు. బయట ఉంచినవాళ్లు సయ్యద్, మొఘల్, పఠాన్. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బి.సి.–బిలో ఉన్నారు. ఆ జాబితా మనవాళ్ల కోసమే అడిగి తెచ్చుకున్నాం. తెచ్చుకున్నాక కూడా 'ఇస్లాంలో కులం లేదు' అని ఉపన్యాసం మొదలుపెడతాం. ఖురాన్‌లో లేదు, నిజమే. నిఖానామాలో ఉంది.

నాకు తెలిసిన ఒకాయన పాతికేళ్ల వయసులో ఇస్లాంలోకి వచ్చాడు. తెలంగాణ పల్లె, మాల కుటుంబం. ఆయనకూ సైన్సు ఆయతుల గురించి తెలియదు. మొదటిసారి జుమాకు వెళ్లినప్పుడు పక్కాయన భుజం తన భుజానికి తగిలింది. జరగలేదు. కాలి పక్కన కాలు పెట్టాడు. 'నా పక్కన నిలబడ్డందుకు స్నానం చేసేవాళ్లనే చూశాను భాయ్, ఇంకొంచెం దగ్గరికి జరగమన్నవాళ్లని అక్కడే చూశాను' అన్నాడు నాతో. పదేళ్లయ్యాక సంబంధాలు చూడడం మొదలుపెట్టాడు. మసీదులో ఆయన్ని కావలించుకుని మాషా అల్లా అన్న పెద్దమనిషే, పిల్లనడిగితే 'ఖాందాన్ ఏంటో' అన్నాడు. 'నౌ ముస్లిం గదా, కాస్త ఆగండి' అన్నారు ఇంకో ఇంట్లో. నౌ అంటే కొత్త. పదేళ్ల నమాజు తర్వాత కూడా కొత్తే!

ఆయన ఇస్లాం వదల్లేదు. నేనడిగాను, ఎందుకని. 'సఫ్‌లో చోటు అల్లా ఇచ్చింది, దస్తర్‌ఖాన్ మీద చోటు మీరివ్వాల్సింది. మీరివ్వకపోతే ఆయన్నెందుకు వదలాలి?' అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత గట్టి దలీల్ లేదు. ఇంత గట్టి ఛార్జిషీటూ లేదు.

ఇక పుట్టుకతో వచ్చినవాళ్ల సంగతి. మమ్మల్ని ఇద్దరు అడుగుతుంటారు. కాషాయం మిత్రుడు, మీ తాతలు హిందువులే గదా, ఇంకా ఎందుకు ఇందులో ఉన్నారంటాడు. సెక్యులర్ మిత్రుడు, ఇంత చదువుకుని ఇంకా నమాజేంటండీ అంటాడు. మొదటివాడికి 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' జవాబు చెప్పింది. రెండోవాడికి మేమింకా సరిగా చెప్పలేదు. చెప్పబోయి చిన్న పుస్తకాల సైన్సు అప్పు తెచ్చుకుంటున్నాం.

మా అమ్మీ ఏనాడూ మసీదు సఫ్‌లో నిలబడలేదు. మా ఊరి మసీదులో ఆడవాళ్లకు చోటు లేదు. మాల్కమ్‌ను, మా మిత్రుణ్ని నమ్మించిన భుజం ఆమెకు ఎప్పుడూ తగల్లేదు. అరబ్బీ చదవడం వచ్చు, అర్థం తెలియదు. తెల్లవారుజామున ఫజర్ అయ్యాక జానమాజ్ మీదే కూచుని తిలావత్ చేసేది. ఇంట్లో చావైనా, అప్పులవాడు తలుపు కొట్టినా, 1992 డిసెంబరులో వీధి తలుపు లోపల గడియ పెట్టి కూచున్న రోజుల్లో అయినా ఆ గొంతు వణకలేదు. పిక్తాల్ లండన్ నుంచి వచ్చి రాసిన ఆ నాదం నేను మా వంటింటి గుమ్మం దగ్గర విన్నాను. నీకు ఇస్లాం ఎందుకు నచ్చిందమ్మీ అని ఒకసారి అడిగాను. 'నచ్చడమేంది బేటా, ఊపిరి నచ్చిందా అని అడుగుతారా?' అంది. కాసేపాగి, 'మసీదులో ఒక మూల మాక్కూడా ఉంటే బాగుండేది' అంది.

ఈ రెండు మాటలూ కలిపి అచ్చేసే పుస్తకం ఎవరైనా తెస్తే దాని గురించి నాలుగు మాటలు కాదు, నాలుగు పేజీలు రాస్తాను. ఇస్లాం ఎందుకు నమ్మదగినదో పిక్తాల్ చెప్పాడు, అసద్ చెప్పాడు, మాల్కమ్ చెప్పాడు, మీనాక్షిపురం చెప్పింది. ముస్లింలు ఎంతవరకు నమ్మదగినవాళ్లో చెప్పాల్సింది మనం. వచ్చే రంజాన్‌కు ఇఫ్తార్‌లో మా మిత్రుడు మన పక్కనే కూచుంటాడు. ఖర్జూరం పళ్లెం అతని వైపు జరుపుతాం. జరపడం మనకు బాగానే వచ్చు. ఆ తర్వాత అతను మన ఇంటి తలుపు కొట్టి పిల్లనడిగితే ఏం చెబుతామో, ఆ జవాబు ఇప్పుడే ఆలోచించి పెట్టుకుందాం.