అంగలకుదురులో ఎక్కి, తెనాలిలో దిగి

గుంటూరు నుంచి వచ్చే రైలు దారిలో సంగంజాగర్లమూడి, తర్వాత అంగలకుదురు, ఆపైన తెనాలి. ఇంగ్లీషు 'గెట్' నేర్పడానికి నేను ఈ దారినే వాడుకుంటాను. అంగలకుదురులో రైలెక్కితే 'గెట్ ఆన్', తెనాలిలో దిగితే 'గెట్ ఆఫ్'. స్టేషన్ బయట ఆటో ఎక్కితే మాత్రం 'గెట్ ఇన్', దిగితే 'గెట్ అవుట్ ఆఫ్'. లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగే రైలు, బస్సు, ఓడ, విమానం 'ఆన్' కిందికి వస్తాయి. వంగి దూరి కూర్చునే కారూ ఆటో 'ఇన్' కిందికి. సైకిలు మీద కాలు వేసి కూర్చుంటాం గనక మళ్ళీ 'ఆన్'.

తెలుగులో మనకు ఈ గొడవ లేదు. రైలైనా, ఆటో అయినా, చింతచెట్టయినా ఎక్కడమే, దిగడమే. అందుకే పిల్లలు 'ఐ గాట్ ది బస్' అని ఊరుకుంటారు. బస్సు పట్టుకున్నారని తెలుస్తుంది, 'ఆన్' మాత్రం నేర్చుకోరు!

దిగడానికి మనవాళ్ళు 'గెట్ డౌన్' అంటారు. దాన్ని నేను కొట్టెయ్యను. మన దేశంలో అందరికీ అర్థమయ్యే మాటే. కాకపోతే డల్లాస్‌లో గట్టిగా అంటే, ఏదో ప్రమాదం వచ్చిందని పక్కవాళ్ళు తలలు దించుకోవచ్చు. 'డిస్కస్ అబౌట్' దగ్గర మాత్రం ఎర్రసిరా తీస్తాను. 'డిస్కస్'లోనే 'గురించి' ఉంది, మన 'గురించి'ని 'అబౌట్'గా అక్కడిదాకా మోసుకుపోనక్కర్లేదు.

రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో ఎలా వెళ్తారో రాయమంటాను. తెనాలిలో బండి మారాలి కాబట్టి 'ఆఫ్', 'ఆన్' రెండూ రాక తప్పదు. ఇలా తమ బతుకులోంచి రాసిందే నిలుస్తుంది. గైడులో 'గెట్ బై అంటే నెట్టుకొచ్చు' అని వల్లెవేసింది పరీక్ష హాలు గుమ్మం దాకా ఉంటుంది. ఇంట్లో గేదెలున్న పిల్ల 'వి గెట్ బై ఆన్ మిల్క్ మనీ' అని సొంతంగా రాసుకుంటే ఇక మరవదు. బై తర్వాత ఆన్ ఎందుకో కూడా ఆ పాల డబ్బే చెబుతుంది, ఇల్లు దాని మీదే నడుస్తోంది మరి.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు లేచి, “అసలు గెట్ అంటే ఏంటి మాస్టారూ?” అంటారు. బోర్డు మీద నిలబడు, తలపడు, బయటపడు, ఎగబడు అని రాసి, వీటిలో పడిందెవరో ముందు నువ్వు చెప్పు అంటాను.