ముందు బొరుసు చూడండి

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, శాతవాహనుల నాటి ఊరి శిథిలాల్లో, రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి పతకాలు దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు వెయ్యికి పైగా ఒక్కచోటే బయటపడ్డాయి. అవి రోమ్ సామ్రాజ్యపు తొలినాళ్లవి. హైటెక్ సిటీని ఆనుకుని ఉన్న మరో కొండాపూర్‌లో ఎవరైనా ఆన్‌లైన్‌లో చవగ్గా రోమన్ నాణెం కొంటే, చేతికొచ్చేది చాలాసార్లు నాలుగో శతాబ్దపు కంచు ముక్క. నల్లగా, గోరంత ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం ఓపికతో అబ్బే విద్య.

అన్నిటికన్నా ముందు, చింతపండు జోలికి పోవద్దు. ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే చిలుముతోపాటు అక్షరాలూ పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని బ్రష్‌తో మట్టి వదిలిస్తే చాలు. తర్వాత గదిలో దీపాలార్పి, ఫోన్ టార్చిని పక్కనుంచి, బాగా కిందికి వంచి పట్టుకోవాలి. అరిగిన గీతలకు నీడపడి బొమ్మ తేలుతుంది.

కొత్తవాళ్లు రాజు ముఖంతో కుస్తీ పడతారు. ఆ కాలపు ముఖాలన్నీ దాదాపు ఒకటే: తలకు ముత్యాల పట్టీ, కుడివైపు చూపు. అసలు ఆనవాళ్లు బొరుసువైపు ఉన్నాయి. ఇద్దరు సైనికుల మధ్య రెండు ధ్వజాలుంటే సుమారు 330–335. ఒక్కటే ఉంటే ఆ తర్వాతిది. కిందపడ్డ గుర్రపురౌతును సైనికుడు బల్లెంతో పొడుస్తుంటే 348 తర్వాతిది, ఎక్కువగా రెండో కాన్‌స్టాంటియస్‌ది. చక్రవర్తి బందీని ఈడ్చుకెళ్తుంటే 364 తర్వాతి వాలెంటీనియన్, వాలెన్స్‌ల కాలం. రెక్కల విజయదేవత ఈడ్చుకెళ్తుంటే ఇంకా కిందికి, 388 తర్వాతికి రావాలి.

బొమ్మ కింది గీతకు దిగువన టంకశాల గుర్తు ఉంటుంది. ఏఎన్‌టీ అంటే ఆంటియోక్, ఏఎల్ఈ అంటే అలెగ్జాండ్రియా. వ్యాసం, బరువు కొలుచుకుని ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ సంపుటాల్లో పోల్చుకోవాలి. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే అది పోతపోసిన నకలేమోనని అనుమానించండి.

ఇంత చేసినా తెలియనిది ఒకటుంది: నాణెం ఏ నేలలో దొరికింది? నా దృష్టిలో చక్రవర్తి పేరుకన్నా ఇదే విలువైన సమాచారం. ఈ కాలపు కంచు నాణేలు మదురై, కరూర్, శ్రీలంకల్లో విరివిగా దొరికాయి. మదురై, కరూర్ నాణేలపై ఆర్. కృష్ణమూర్తి 1994లో పుస్తకమే వేశారు. దొరికిన చోటు తెలుసు కాబట్టే అవి ఆ ప్రాంతాల వ్యాపారానికి సాక్ష్యమయ్యాయి. తెలంగాణ పొలంలో అలాంటి ఒక్క నాణెం బయటపడ్డా, కడగకుండా, ఆ చోటును ఫోటో తీసి రెవెన్యూ అధికారులకో పురావస్తు శాఖకో చెప్పాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టర్‌కు తెలపమంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే, అమ్మినవారు ఊరి పేరేదైనా రాసి పంపితే ఆ చీటీని నాణెంతోపాటు అదే కవర్లో ఉంచండి.