యుద్ధన్యాయము, వేషస్వరూపము: సురభి రంగము, దేవరగట్టు బన్ని

ఒక కథను గాని, ఒక పాత్రసముదాయమును గాని తరతరములుగా మరల మరల ధరించి యాడు సంప్రదాయములు లోకమున ననేకములు గలవు. వానిలో యుద్ధఘట్టమునకు ప్రత్యేకస్థానము గలదు. కాలము మారినకొలది ఆ యుద్ధమును నడుపు విధానమును మారుచుండును. విధానము మారిన పిదప ఆ సంప్రదాయము పూర్వపుదే యగునా, లేక పేరు మాత్రము మిగిలిన వేరొక వస్తువగునా? ఇది కేవలము తార్కికుల వినోదమునకై పుట్టిన ప్రశ్న కాదు. రాయలసీమలో నొకచోట ఇది ఏటేట గాయములతోను, ఒక్కొక్కయేడు ప్రాణములతోను ముడివడియున్న ప్రశ్న. కడపసీమలో పుట్టిన సురభి నాటకసమాజమును, కర్నూలు జిల్లా దేవరగట్టునందలి బన్ని యుత్సవమును సరిపోల్చి, ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ వివాదమునే నేటి విద్యార్థులు మఱియొక రంగమున నెరుగుదురు. జపాను దేశమున స్క్వేర్ సంస్థ 1987లో వెలువరించిన 'ఫైనల్ ఫాంటసీ' యను పాత్రధారణ వీడియో క్రీడ నేటికిని కొత్త భాగములతో సాగుచున్నది. తొలిభాగమున ఆడువాడు నలుగురు వీరులకు వేరువేరుగ ఆజ్ఞలిచ్చి, పిమ్మట ఇరుపక్షములును వంతులవారీగ దెబ్బతీయుట చూచును. 1991 నాటి నాల్గవ భాగమున కాలము ఆగక నడచును. ఆలోచించుచు కూర్చున్నవానిని శత్రువు కొట్టును. 2006 నాటి 12వ భాగమున ఆడువాడు ముందుగా నేర్పరచిన నియమముల ననుసరించి అనుచరులు తమంతట పోరుదురు. 2016 నాటి 15వ భాగమునకును, 2023 నాటి 16వ భాగమునకును వచ్చునప్పటికి వంతు పోయి వ్రేలి వేగమే ప్రధానమైనది. దీనికి ఒక యేడు ముందు, 1986లో, పుట్టిన 'డ్రాగన్ క్వెస్ట్' మాత్రము 2017 నాటి 11వ భాగమునందును వంతుల యుద్ధమునే నడిపినది.

ఫైనల్ ఫాంటసీ ప్రధానభాగములలో సాధారణముగ ప్రతిదానికిని కథ వేరు, లోకము వేరు. అయినను స్ఫటికములు, చోకోబో యను వాహనపక్షి, సిడ్ యను పేరుగల పాత్ర, ఆవాహన చేసినంతనే వచ్చు మహాభూతములు తిరిగి తిరిగి కనబడుచుండును. ఈ చిహ్నములున్నంతవరకు అది పూర్వపు క్రీడయే యని యొక పక్షము. పోరు పద్ధతి మారినప్పుడు చిహ్నములెన్ని యున్నను అది వేరొక క్రీడ యని రెండవ పక్షము. రెండవ పక్షమువారి మాటను తేలికగ త్రోసిపుచ్చరాదు. చూచువానికి యుద్ధము దృశ్యము. ఆడువానికి అది చేతికి పట్టువడిన యభ్యాసము. ఏండ్లతరబడి చేయి నేర్చిన దానిని తీసివేసినప్పుడు అతడు తన వేషమే పోయినదని తలచుట సహజము. ఇది మన మున్ముందు దేవరగట్టు విషయమున గుర్తుంచుకొనవలసిన సంగతి.

ఈ వివాదమునకు తగిన పరిభాష మన శాస్త్రమునందే కలదు. రంగమున శస్త్రప్రయోగము చేయు పద్ధతికి భరతముని 'న్యాయ'మని పేరిడెను; యుద్ధములు దీనిచే నడపబడుచున్నవి గనుక ఇది న్యాయము. భారతము, సాత్వతము, వార్షగణ్యము, కైశికము అని న్యాయములు నాలుగు. భారతమున దెబ్బ నడుమున, సాత్వతమున పాదమున, వార్షగణ్యమున వక్షమున, కైశికమున శిరమున. అయితే ఈ నాల్గింటికిని మీదుగ నొక నిబంధన గలదు: దెబ్బ నిజముగ తగులరాదు, రక్తము కారరాదు, ప్రహారమును సంజ్ఞచేతనే తెలుపవలెను. అంకమున యుద్ధమును, మరణమును ప్రత్యక్షముగ చూపరాదను నిషేధము వేరుగ నుండనే యున్నది. దశరూపకకారుడును దానినే బలపరచెను. కావున యుద్ధపద్ధతులు పలువిధములుగ నుండవచ్చునని, కాని వానినన్నిటిని బంధించు కట్టుబాటొకటి యుండవలెనని మన ప్రాచీనులు వేరుచేసి చూచిరని స్పష్టము.

దీని నాధారము చేసికొని యుద్ధఘట్టమున మూడంశములను విడదీయవచ్చునని మా యభిప్రాయము. మొదటిది ఆయుధము, అనగా పోరుటకు వాడు సాధనము. రెండవది న్యాయము, అనగా పోరువారు తమలో తాము అంగీకరించిన కట్టుబాటు. మూడవది ఫలము, అనగా ఎవరు దేనిని కాపాడుటకై పోరుచున్నారు, తుద కేది నిలువవలెను అను సంబంధము. ఈ మూడింటిని కలగాపులగము చేయుటచేతనే వివాదములు పుట్టుచున్నవి. ఏది మారిన సంప్రదాయము మారును, ఏది మారినను మారదు అనుటకు సురభి చరిత్ర మంచి నిదర్శనము.

సురభివారి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతమునుండి వచ్చి తెలుగుసీమలో స్థిరపడి తోలుబొమ్మలాటచే జీవించిన కుటుంబములవారు. తోలుబొమ్మల యుద్ధమెట్టిదో పల్లెలవా రెరుగుదురు. తెరవెనుక ఆటగాడు చేతికొక బొమ్మను బట్టి రెంటిని ఢీకొట్టించును. కాలితో బల్లను తొక్కి దెబ్బకు శబ్దమును కూర్చును. రాముని చేయియు రావణుని చేయియు ఒక్కని చేతనే యుండును. తోలునకు నొప్పి లేదు గనుక అచ్చట ప్రహారమునకు హద్దు లేదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామమున ఈ కుటుంబములవారు బొమ్మలను ప్రక్కనుంచి తామే వేషములు గట్టి 'కీచకవధ'ను ప్రదర్శించిరి. ఈ సమాజమునకు మూలపురుషుడుగ వనారస గోవిందరావును స్మరింతురు. తొలినాటకముగ కీచకవధ యగుటను విమర్శకులు యాదృచ్ఛికముగ భావించి దాటిపోవుచున్నారు. యుద్ధన్యాయదృష్టితో చూచినచో అది గడ్డు పరీక్ష. కీచకుడు బాణముచే దూరమునుండి చచ్చువాడు కాడు. నర్తనశాలలో, చీకటిలో, భీముని చేతులలో ముద్దగ నలిగి చచ్చువాడు. తోలుబొమ్మకు తగిన ఆ ప్రహారము ప్రాణమున్న నటునిపై చెల్లదు. పైగా భీముడు, కీచకుడు, సైరంధ్రి ముగ్గురును ఒకే కుటుంబమువారు. ఇతరసమాజములలో పురుషులే స్త్రీవేషములు వేయుచున్న కాలమున సురభి స్త్రీలు రంగమెక్కిరి. ఇచ్చట అన్నను తమ్ముడు కొట్టవలెను. మరునాటి రాత్రి మరల వారిద్దరే ఆ వేషములు కట్టవలెను. కావున తోలుపోయి దేహము వచ్చినంతనే కొత్తన్యాయ మేర్పడక తప్పలేదు: దెబ్బ కడపటి వరుసవానికి కనబడవలెను, ఎదుటి నటునికి తగులరాదు. శాస్త్రము చదివి చేసినను చేయకున్నను భరతుని నిబంధనకే వారు చేరిరి.

పిమ్మట మఱియొక మార్పు వచ్చినది. 'మాయాబజారు' మొదలగు నాటకములలో సురభివారు తీగెలతో బాణములను నడిపిరి. ఇరుదిక్కులనుండి వచ్చిన బాణములు నడుమ ఢీకొని నిప్పులు రాల్చును. వీరులు రంగము రెండు కొనల నిలుతురు. పోరు వారి దేహములను విడిచి తీగె మీదికి పోయినది. ఇతరసమాజములు పద్యము నాశ్రయించిన కాలమది. తిరుపతి వేంకటకవుల రాయబారఘట్టమున పద్యమే ఆయుధము, గొంతే కోదండము. సురభివారు పద్యమును విడువకయే కంటికింపైన యుద్ధమును తమ గురుతుగ చేసికొనిరి. 1990వ దశకమున బి. వి. కారంత్ వారిచేత 'భీష్మ', 'చండీప్రియ' మొదలగు వానిని ఆడించినప్పుడును అవి సురభి నాటకములనియే ప్రేక్షకులు గ్రహించిరి.

తోలు, దేహము, తీగె - ఇట్లు ఆయుధము రెండుమారులు మారినను సురభి సురభిగనే యుండుటకు కారణమేమి? తీగెను లాగు చేయి, తెర నెత్తు చేయి, గద పట్టు చేయి ఒకే కుటుంబమునకు చెందినవి. దెబ్బను చూపవలెనే గాని వేయరాదను కట్టుబాటు దేహముతో వచ్చి తీగెతోను నిలిచినది. ధర్మపక్షము గెలుచుట యను ఫలము మొదటినుండియు చెక్కుచెదరలేదు. ఒకవేళ రేపెవరైనను పెద్దతెర మీద వేరొకచోట తయారైన బాణములను నడిపించి, నటులను దాని ముందు నిలువబెట్టినచో, దృశ్యమున కెంత శోభ గలిగినను సురభి న్యాయము భగ్నమైనట్లే యని మేము తలంతుము. మార్పు కొత్తదగుట దోషము కాదు. ఆడువారి చేతినుండి ఆట జారిపోవుట దోషము.

సురభి రంగమున వేషము వేసికొన్నవాడు నటుడు, చూచువాడు ప్రేక్షకుడు. ఆ విభాగము లేనిచోట ఈ సూత్రము నిలుచునా? ఇది తేల్చుకొనుటకు కర్నూలు జిల్లాకు పోవలెను. కన్నడదేశపు సరిహద్దున హొళగుంద మండలమునందలి దేవరగట్టు కొండపై మాళమల్లేశ్వరస్వామి యాలయము గలదు. విజయదశమి రాత్రి స్వామికి కల్యాణము జరిగిన పిదప ఉత్సవమూర్తులు కొండ దిగి వచ్చును. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవారు విగ్రహములకు రక్షకులు. ఎల్లార్తి, సుళువాయి, అరికెర మొదలగు గ్రామములవారు వానిని దక్కించుకొనుటకు వత్తురు. దివిటీల వెలుగున కర్రలు కర్రలను తాకును. ఆ కర్రలలో ఇనుప రింగులు తొడిగినవియు నుండును. ఇది పోరు కాదు, స్వామికి రక్షణ మాత్రమే యని వాదించు పెద్దలును గలరు. ఏమైనను పదులకొలది జనులు గాయపడుట ప్రతియేటి మాట. కొన్నియేండ్ల ప్రాణనష్టమును జరిగినది. గాయమునకు బండారము, అనగా పసుపుపొడి, అద్దుకొని మరల నడచువా రనేకులు. ఏటేట పోలీసు బందోబస్తు, ఊరూర అవగాహనసభలు, కర్రల స్వాధీనము జరుగుచున్నను కర్రలు కొండకు వచ్చుచునే యున్నవి.

దీనిని అనాగరికమని ఖండించువారు నొక వైపు, ఆచారమని సమర్థించువారు నొక వైపు నిలిచి వాదించుచున్నారు. ఉభయులును ఆయుధమునే సంప్రదాయముగ భావించుచున్నారని మా విమర్శ. బన్నిని లోపలినుండి పరిశీలించినచో వేరొక సంగతి కనబడును.

మొదట స్థలకథను చూతము. మణి, మల్లాసురులను రాక్షసులు మునులను బాధింపగా శివుడు వారిని వధించెను. చచ్చునప్పుడు వారు ఏటేట నరబలి కోరిరి. స్వామి దాని నంగీకరింపక పిడికెడు రక్తమునకు ఒప్పుకొనెను. అందుచేత ఊరేగింపు నడుమ ఆ స్థలమున నొక గొరవయ్య తన తొడనుండి రక్తమును తీసి యర్పించును. ఈ కథ తాత్పర్యమేమి? ప్రాణమునకు మారుగ పిడికెడు రక్తము చాలునని స్వయముగ దేవుడే నిర్ణయించెను. సాధనమును తగ్గించి సంబంధమును నిలుపుట ఈ సంప్రదాయమునకు వెలుపలినుండి వచ్చిన భావము కాదు. దాని పుట్టుకలోనే యున్నది. పూర్వము ఈటెలు, గొడ్డళ్లు వాడెడివారనియు, పిదప కర్రలు వచ్చినవనియు చెప్పుదురు. అట్లయినచో ఆయుధము ఇదివరకే ఒకమారు మారినది. అయినను బన్ని బన్నిగనే యున్నది.

రెండవది పాలబాస. ఉత్సవమునకు ముందు రక్షకగ్రామములవారు పాలు ముట్టి ప్రమాణము చేయుదురు: పాతకక్షలను మరతుమని, స్వామి పని యగువరకు ఒక్కటిగ నుందుమని. ఇదియే బన్ని న్యాయము. కక్ష తీర్చుకొనుటకు కర్ర నెత్తినవాడు పోలీసు నిబంధనను మాత్రమే గాక తన పాలబాసను మీరినవాడు. మూడవది ఫలము: విగ్రహములు రక్షకులతోనే నడచి, తుదకు బసవన్నగుడి వద్ద భవిష్యవాణి వినబడుట. నెరణికి వానికి వేషము రక్షకవేషము. కర్రకు రింగు తీసివేసినను అతడు రక్షకుడే. విగ్రహముతో నడచు హక్కును తీసివేసినచో, కర్రకు పది రింగులున్నను అతని వేషము పోయినట్లే.

ఇచ్చట మేము ముందు చెప్పిన రెండవ పక్షమువారి మాటను మరువరాదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన కర్ర వట్టి కట్టె కాదు. దానిని వెలుపలివాడు వచ్చి లాగికొన్నప్పుడు, అతడు ఆయుధమును మాత్రమే అడుగుచున్నాడని ఎన్ని మారులు చెప్పినను, పట్టుకొన్నవానికి తన వేషమునే అడుగుచున్నట్లు తోచును. అధికారులు రింగును గూర్చి మాటలాడుచున్నారు. గ్రామస్థులు హక్కును గూర్చి వినుచున్నారు. ఏండ్లు గడచినను ఈ రెండు మాటలు కలియకుండుటకు కారణమిదియే. క్రీడను నిర్మించు సంస్థ తన యిచ్ఛానుసారము పోరు పద్ధతిని మార్పవచ్చును. ఆడువాడు రోసినచో పాతభాగమునే మరల ఆడుకొనును. దేవరగట్టున పాతభాగమని వేరుగ లేదు. ఏటి కొక్కరాత్రి మాత్రమే కలదు.

కావున మార్పు రావలసిన తావు పాలబాసయే యని మా నిశ్చితాభిప్రాయము. ఇనుప రింగు తొడుగము, తలమీద కొట్టము, పసివారిని గుంపులోనికి రానీయము అను మాటలు ఆ బాసలో చేరినచో అవి నిషేధములుగ గాక న్యాయముగ నిలుచును. ఎదుటిపక్షపు గ్రామములవారును అట్టి బాసలో చేరుటకు అడ్డు లేదు. సురభివారు అన్నదమ్ములు కావుననే దెబ్బను చూపి తగులనీయకుండుట నేర్చిరి. ఒకే స్వామికి మ్రొక్కు గ్రామములవారికి అది అసాధ్యము కాదు. దీని యర్థము బన్నిని ప్రేక్షకులకై నాటకముగ మార్పవలెనని కాదు. అట్లు చేసినచో ఆట ఆడువారి చేతినుండి జారిపోవును. కర్రలు తాకవచ్చును, శబ్దము కొండలలో మారుమ్రోగవచ్చును. తల పగులవలసిన పని లేదు.

తెలుగు శాఖలకు నిందు కర్తవ్యమొకటి గలదు. బన్నిని గూర్చిన వార్తలు గాయపడినవారి లెక్కతో ముగియుచున్నవి. పాలబాసలోని మాటలేవి, ఏ యూరి కే హక్కు, ఊరేగింపు ఏ తావున ఆగును, ఎవరి చేతి కెప్పుడు కర్ర వచ్చును అనువానిని గ్రామవృద్ధుల నోటనే విని సమగ్రముగ వ్రాసి భద్రపరుపవలెను. కట్టుబాటు వ్రాతలో నున్నప్పుడు, కర్ర వేరు, వేషము వేరు అని చెప్పుటకు ఆ యూరివారికే ఆధారము చిక్కును. అధికారి చెప్పినచో విననివాడు తన తాత మాటగ చెప్పినచో వినును.