పొట్టు ఎవరు కొట్టారండీ?

శివరాత్రికి కాస్త ముందూ వెనకా అమలాపురం కూరల బజారులో పనస పొట్టు కొట్టే కత్తి చప్పుడు ఆగదు. వెళ్ళి నిలబడగానే ఒకటే ప్రశ్న: "కూరకాండీ, కార్యానికాండీ?" ఇంట్లో వండుకోవడానికైతే చిన్న కాయ. పెళ్ళికో తద్దినానికో అయితే లెక్క వేరు. తద్దినం వంటలో పనస ఒక్కటీ ఆరు వందల కూరల పెట్టని పురోహితులు చెబుతారు. ఆ లెక్కన ఆ పూట వంటింట్లో ఇంకేం చేయకపోయినా చెల్లిపోవాలి. ఎవరూ ఊరుకోరనుకోండి!

లేత కాయకి చెక్కు తీస్తే పాలు కారతాయి. చేతులకీ కత్తికీ ముందే నూనె రాసుకోకపోతే ఆ జిగురు నీళ్ళకి వదలదు. కాయని నిలబెట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ పైపైన దెబ్బలు వేయాలి. గాట్లు పడ్డ పొరని చెక్కి, మళ్ళీ దెబ్బలు. చేయి బరువైతే ముక్కలు పడతాయి, మరీ తేలికైతే పిండి అవుతుంది. పొట్టు పొడిపొడిగా రాలాలి.

మా ఇళ్ళలో ఇది మగవాళ్ళ పని. మావయ్య పంచె ఎగ్గట్టి పీట మీద కూచుంటే నూనె గిన్నె ఒకరు, గుడ్డ ఒకరు, కాఫీ ఒకరు అందించాలి. ఆ తర్వాత పొట్టు పసుపేసి ఉడకబెట్టి, వార్చి, గట్టిగా పిండి, చింతపండు పులుసు పోసి, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టేది అత్తయ్య. అరుగుకి అంటిన జిగురు గీకేదీ ఆవిడే. విస్తళ్ళ దగ్గర మాత్రం "పొట్టు ఎవరు కొట్టారండీ?" అనే అడిగేవారు. అన్యాయమే. కానీ పొట్టు సరిగ్గా పడకపోతే పులుసూ ఆవా పట్టవన్నది కూడా నిజమే.

ఆవ దగ్గర తొందర పనికిరాదు. ఆవగింజ నలిగి తడి తగిలాకే ఘాటు పుడుతుంది. ఆ ఘాటుని పుట్టించే గుణం వేడికి చచ్చిపోతుంది. అందుకే కూర దించి, చల్లారాక, నూరిన ఆవ పచ్చి నూనెతో కలుపుతారు. పొద్దున కలిపిన కూర రాత్రికి ఇంకా బాగుంటుంది.

కేరళ 2018లో పనసని రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది. వాళ్ళూ లేత కాయని చితక్కొట్టి ఇడిచక్క తోరన్ చేస్తారు, అందులో కొబ్బరి కోరు వేస్తారు. కొబ్బరి చెట్ల మధ్యే బతికే మనం దీన్లో కొబ్బరి ఊసెత్తం, ఆవ పెడతాం!

ఇప్పుడు మావయ్య పని బజారుకి పోయింది. నాకేం బెంగ లేదు. అక్కడ కొట్టేవాడి పొట్టు మావయ్య పొట్టు కంటే సన్నం, పైగా అతనికి కాఫీ అందించక్కర్లేదు. హైదరాబాదులో మా అమ్మాయి కాయ కొని మిక్సీలో వేసి చూసింది. ముద్దయి కూచుంది. అందుకని ఈ శనివారం రాత్రి బస్సుకి పొట్టు సంచీ వేస్తున్నాం. "ఆవ కూడా నూరి పెట్టేయకూడదా అత్తయ్యా?" అంటే ఆవిడ ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఘాటు దిగిపోతుందిట, అక్కడే నూరుకోమంది.