స్టెత్ పట్టినవాళ్లు రాసే ప్రోగ్రాం

హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ అనగానే వినాయకుడి లడ్డూ వేలం గుర్తొస్తుంది. అదే వైపు రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉందన్న సంగతి వెనకబడిపోతుంది. 1988లో మొదలైన ఆ క్షిపణుల కేంద్రానికి రూపమిచ్చిన అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి 1990లలో చౌక స్టెంట్ తెచ్చారు. 2012లో పల్లె ఆరోగ్య కార్యకర్తల కోసం ట్యాబ్లెట్ కంప్యూటర్ కూడా తెచ్చారు. నాకైతే స్టెంట్ కన్నా ట్యాబ్లెట్ మీదే మక్కువ.

రోగిని చూసే పనిని తెర మీద గళ్లుగా విడగొట్టడం మాటలు కాదు. "ఆయాసంగా ఉందయ్యా" అంటాడు రోగి. మెట్లెక్కితేనా, పడుకున్నా వస్తోందా? డాక్టరు అలవాటుగా అడిగేస్తాడు. యంత్రం అడగాలంటే ఆ రెండో ప్రశ్నను ముందే ఎవరో రాసి ఉంచాలి. అది రాయగలిగేది వార్డులో నిలబడ్డవాళ్లే.

1970లలో స్టాన్‌ఫర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉండగానే ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ మైసిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు ఏ మందు వాడాలో అది సూచించేది. ఎందుకని అడిగితే కారణమూ చెప్పేది. ఇవాళ్టి యాప్‌లలో ఆ మర్యాద ఎన్నింటికుంది? తర్వాత ఆయన అక్కడే, వైద్యాన్ని కంప్యూటర్‌తో కలిపే ఈ విద్యకు పీజీ కోర్సు నిలబెట్టాడు.

మన దేశంలో ఖరగ్‌పూర్ ఐఐటీ ఎంబీబీఎస్‌లకు వైద్యాన్ని టెక్నాలజీతో కలిపి నేర్పే మూడేళ్ల మాస్టర్స్ నడుపుతోంది. ఇలాంటి చోట సీటిచ్చే ప్రొఫెసర్‌కు ర్యాంకొక్కటే చాలదు. కేస్‌షీట్ ఓపిగ్గా రాసే అలవాటున్న అభ్యర్థిని పట్టుకోవాలి. మనిషిని అలా అంచనా కట్టే చూపు మంచి డాక్టరుకు ఎలాగూ ఉంటుంది.