తెరిచిన తొట్టి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మ అనేది. ఇక్కడ భిలాయిలో ఆ కార్తె మొదటి తొమ్మిది రోజుల్ని నౌతపా అంటారు. అలాంటి ఒక మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. "చెయ్యి పెట్టి చూడు మావయ్యా, కాలిపోతోంది. మళ్లీ విండోసే వేసేద్దాం" అంది.

అందులో లినక్స్ మింట్ వేసింది నేనే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఆ పాత మెషీన్ పనికిరాదు. కొత్తది కొనే స్తోమత ఇంట్లో లేదు. పనిచేస్తున్న యంత్రాన్ని తుక్కులో వెయ్యడానికి నాకు మనసొప్పదు. కాబట్టి ఆ వేడికి జవాబు చెప్పాల్సింది కూడా నేనే.

"వేసేద్దాంలే. ముందు ఎంత వేడో చూద్దాం" అన్నాను.

ఈ 'ముందు చూద్దాం' నాన్న దగ్గర్నుంచి వచ్చింది. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లలో ఆయనొకరు. ఫర్నేస్‌కి నీళ్లు చూసే డ్యూటీ ఆయనది. లోపల కరిగిన ఇనుము 1500 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని చుట్టూ గోడలోనూ, వేడి గాలి ఊదే రాగి ట్యూయర్లలోనూ నీళ్లు క్షణం ఆగకుండా పారాలి. తిరిగొచ్చే నీళ్లు మూసిన గొట్టంలో పోకుండా, తెరిచిన తొట్టిలో పడేలా పెట్టేవారట. ధార కంటికి కనపడాలి, చేతికి తగలాలి. నాన్న ఒక్కో ధార కింద చెయ్యి పెట్టుకుంటూ వెళ్లేవారు. "వెళ్లే నీళ్లెంత వేడి, వచ్చే నీళ్లెంత వేడి. తేడా పెరిగితే లోపల ఏదో అయిందన్నమాట" అని ఇంటికొచ్చాక మాకు చెప్పేవారు.

లినక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తెరిచిన తొట్టే. టెర్మినల్ తెరిచి 'సెన్సర్స్' అని కొట్టాం. ఏ పనీ చెయ్యకుండానే ప్రాసెసర్ 84 డిగ్రీలు. ఇంకాస్త లోపలికి వెళితే ఆ వేడి ఒక మామూలు ఫైల్లో ఉంటుంది, డిగ్రీలో వెయ్యో వంతు లెక్కన: 84000. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. కూలర్ తిరుగుతున్న గదిలో థర్మామీటర్ 38 చూపిస్తోంది. "84 సంగతి వదిలెయ్. 84కీ 38కీ మధ్య తేడా రాసుకో" అన్నాను. నలభై ఆరు అని రాసుకుంది. భిలాయి ఎండలో ఫ్యాన్ పీల్చుకునేదే వేడి గాలి. డిసెంబర్ అంకెనీ మే అంకెనీ పక్కపక్కన పెట్టి బెంగపడితే లాభం లేదు.

ఇందులో లినక్స్ తప్పు ఏమీ ఉండదని నేననను. 2011లో లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ 2.6.38 వచ్చాక ఎన్నో లాప్‌టాప్‌లు అంతకుముందుకన్నా ఎక్కువ కరెంటు తాగడం మొదలుపెట్టాయి. కరెంటంతా చివరికి వేడే కదా. మైకేల్ లారాబెల్ అనే ఆయన కెర్నెల్ తర్వాత కెర్నెల్ మార్చి, కొలిచి, దొంగని పట్టుకున్నారు. మెషీన్ లోపలి భాగాల్ని కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకులు పనిలేనప్పుడు నిద్రపోతాయి. 'నాకు ఆ సౌకర్యం లేదు' అని, మెషీన్ ఆన్ కాగానే ముందు మేలుకునే బయోస్ చెబితే కొత్త కెర్నెల్ నమ్మేసి, అప్పటికే అమల్లో ఉన్న నిద్రని కూడా మాన్పించేది. విండోస్ ఆ జోలికే పోదు, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తుంది. ఈ సంగతి గ్రహించి కెర్నెల్ డెవలపర్ మాథ్యూ గారెట్ ఆ ఏడాది చివర్లోనే సవరణ రాశారు. తప్పు జరిగింది, నిజమే. కానీ బయటివాళ్లు కొలిచి పట్టుకోగలిగారు, ఇంకొకరు సరిచెయ్యగలిగారు. నేను దీన్ని నమ్ముకున్నది అందుకే.

మా మేనకోడలి మెషీన్లో కథ వేరు. దానికి రెండు గ్రాఫిక్స్ చిప్‌లు, ఒకటి పొదుపైనది, ఒకటి ఆటలకి. లినక్స్‌లో ఈ జంట చాలా ఏళ్లు ఏడిపించింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్, గ్రాఫిక్స్ చిప్‌లు తయారుచేసే ఎన్విడియా మీద అందరి ముందూ మండిపడ్డారు. ఆ కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ తెరిచింది 2022 మేలో. ఇప్పుడు పరిస్థితి చాలా నయం, అయినా చూసుకోవాలి. ఇక్కడ పెద్ద చిప్ ఊరికే మేలుకుని కూర్చుంది. చిన్నదానికి మార్చి రీస్టార్ట్ చేస్తే 71.

"తేడా ముప్ఫై మూడు. ఇంకా ఎక్కువే కదా మావయ్యా" అంది. ఆ ప్రశ్న తనే అడిగినందుకు నాకెంత సంతోషం వేసిందో.

అడుగు మూత మరలు విప్పాం. ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది, వేలికి నల్లగా అంటుకునే ఈ ఊరి దుమ్ము. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఎటు పోతుంది? రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులిపింది. ప్రాసెసర్ మీద పాత థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పెళ్లలు కట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పెసరగింజంత కొత్త పేస్ట్ పెట్టాం. మరలు బిగించి, మెషీన్ ఆన్ చేసి, పావుగంట ఆగాం. 56.

కూలర్‌కి ఎదురుగా పెట్టుకుని వాడనా అని అడిగింది. వద్దన్నాను. ఆ గాలితో నీటి తుంపర్లు కూడా లోపలికి పోతాయి.

రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "మావయ్యా, గది 36, ఇది 63. తేడా ఇరవై ఏడు. మధ్యాహ్నం పద్దెనిమిదే కదా?"

వీడియో ఏమైనా నడుస్తోందా అన్నాను. లేదంది.

"ఎక్కడ పెట్టుకున్నావు?"

"పరుపు మీద" అంది. ఒక్క క్షణం ఆగి, "ఉండు, బల్ల మీద పెట్టి మళ్లీ చెబుతాను."